విమానాలూ అంటురోగాలూ: మన భయం ఏ సీట్లో కూర్చుంది?

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. విమానం గాల్లో ఉంది. మీకు పది వరుసల వెనక ఎవరో గట్టిగా దగ్గారు. మీరేం చేస్తారు? చెయ్యి పైకి వెళ్తుంది, నెత్తి మీద గాలి వచ్చే గుండ్రటి మూత తిప్పి మూసేస్తారు. అవునా? నవ్వుతున్నారంటే అవుననే అర్థం. సరే. ఇప్పుడు అదే విమానం ఇంకా నేల మీదే ఉంది. తలుపులు మూశారు, గాలి రావడం ఆగిపోయింది, గంట నుంచి కదలడం లేదు, పక్క సీటాయన ముక్కు చీదుతున్నాడు. అప్పుడేం చేస్తారు? ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. ఈ రెంటిలో భయపడాల్సింది రెండోదానికి. మనం భయపడేది మొదటిదానికి. ఇవాళ చెప్పబోయేదంతా ఈ తేడా గురించే.

ముందు గాలి సంగతి. మూడొందల మంది వదిలిన ఊపిరినే అందరం మళ్లీ మళ్లీ పీలుస్తున్నామని చాలామంది నమ్మకం. ఇందులో కొంత నిజం ఉంది, ఎంతో చూద్దాం. ఎగురుతున్న జెట్ విమానం బయటి గాలిని ఇంజన్ కంప్రెసర్ భాగం నుంచి తీసుకుంటుంది. బోయింగ్ 787 ఒక్కటే వేరు, దానికి కరెంటుతో నడిచే విడి కంప్రెసర్లు ఉంటాయి. ఎలా తీసుకున్నా ఆ గాలి బాగా వేడిగా ఉంటుంది కాబట్టి ప్యాక్‌లు అనే యంత్రాల్లో చల్లబరిచి లోపలికి పంపుతారు. క్యాబిన్‌లో మనకు అందే గాలిలో సుమారు సగం ఇలా కొత్తగా వచ్చింది. మిగతా సగం క్యాబిన్ నుంచే తీసి, హెపా ఫిల్టర్లలో వడగట్టి, కొత్త గాలితో కలిపి మళ్లీ వదిలింది. గంటకు 20 నుంచి 30 సార్లు క్యాబిన్ గాలి మొత్తం మారిపోతుంది.

హెపా ఫిల్టర్ గురించి ఒక అపోహ ఉంది, అది తీరాలి. 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల్లో 99.97 శాతాన్ని ఆపుతుందని దాని మీద రాసి ఉంటుంది. వెంటనే మనకో అనుమానం: వైరస్ అంతకన్నా చిన్నది కదా, జారిపోదా? జారిపోదు. ఎందుకంటే ఇది పిండి జల్లెడలా కన్నాల లెక్కతో పనిచేసే వస్తువు కాదు. పెద్ద కణాలు వేగంగా వస్తూ మలుపు తిరగలేక పీచుకు గుద్దుకుని అంటుకుపోతాయి. మరీ చిన్న కణాలను గాలి అణువులే అటూ ఇటూ నెడతాయి, అవి వంకర టింకరగా తిరుగుతూ ఎక్కడో ఒక పీచుకు తగులుకుంటాయి. ఈ రెండు దెబ్బలకూ అంతగా దొరకని పరిమాణమే 0.3 మైక్రాన్లు. అంటే ఆ అంకె ఫిల్టర్‌కు అన్నిటికన్నా కష్టమైన పరీక్ష. అంతకన్నా చిన్నవి ఇంకా బాగా పట్టుబడతాయి. అదీకాక వైరస్ ఒంటరిగా ప్రయాణం చెయ్యదు, ఎవరో వదిలిన తుంపరలో కూర్చుని వస్తుంది.

గాలి పారే దారి కూడా ముఖ్యం. పైన సీలింగు దగ్గర వదులుతారు, మీ పాదాల దగ్గర గోడ అడుగున ఉన్న సందుల్లోంచి లాగేస్తారు. పైనుంచి కిందికి, దాదాపు ఏ వరుస గాలి ఆ వరుసలోనే. విమానం ముక్కు నుంచి తోక దాకా ఈదురుగాలిలా వీచదు. అందుకే పది వరుసల వెనక దగ్గు మీ దాకా రావడం కష్టం. ఆ గుండ్రటి మూత మూసినందువల్ల మీకు ఒరిగేదేమీ లేదు. అందులోంచి వచ్చేది కొత్త గాలీ వడగట్టిన గాలీ కలిసిందే. తెరిచే ఉంచుకోండి.

ఇంతవరకూ విని, అయితే విమానం ఆపరేషన్ థియేటర్ అంత శుభ్రం అనుకుంటారేమో. విమాన కంపెనీల ప్రకటనలు అక్కడితోనే ఆగుతాయి. మనం ఆగకూడదు.

మొదటి మాట. గంటకు 30 సార్లు అనేది వినడానికి పెద్ద అంకె. కానీ ఆ గది ఎంత చిన్నది, అందులో ఎంతమంది ఉన్నారు? మనిషికి ఎంత గాలి అందుతోందన్నది అసలు లెక్క. అమెరికా విమాన నిర్మాణ నిబంధన అడిగేది మనిషికి నిమిషానికి సుమారు పావు కిలో బయటి గాలి. మామూలు ఆఫీసు గదిలో అందేదానికన్నా అదేమీ ఎక్కువ కాదు. రెండో మాట, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి: ఫిల్టర్ శుభ్రం చేసేది తన దాకా వచ్చిన గాలిని. దాని దాకా వెళ్లేలోపు ఆ గాలి ఎవరి ముఖం మీదుగా వెళ్లింది? పక్కాయన ఊపిరి మీ ముక్కును దాటాకే కదా ఫిల్టర్‌కు చేరేది. మూడో మాట, అన్ని విమానాలకూ హెపా ఉండదు. కొన్ని చిన్న ప్రాంతీయ విమానాల్లో ఉండదు. వాటిలో గాలిని తిప్పి వాడకుండా మొత్తం బయటి గాలే పంపే రకాలు కూడా ఉన్నాయి, అది మంచిదే.

ఇంతకీ ఈ ఏర్పాటంతా ఎప్పుడు పనిచేస్తుంది? గాలి యంత్రాలు నడుస్తున్నప్పుడు. అవి ఆగితే?

1977లో అలాస్కాలో ఇదే జరిగింది. 54 మందితో ఉన్న విమానం ఇంజన్ చెడి సుమారు 3 గంటలు నేల మీద ఆగిపోయింది. ఎక్కువమంది లోపలే కూర్చున్నారు, గాలి యంత్రం నడవడం లేదు. వారిలో ఒకరికి ఫ్లూ ఉంది. 72 గంటల్లో ప్రయాణికుల్లో 72 శాతం మందికి జబ్బు చేసింది. లోపల ఎక్కువసేపు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి, కిందికి దిగి తిరిగినవాళ్లలో తక్కువమందికి. విమానంలో అంటురోగం గురించి ఎవరు మాట్లాడినా ముందు చెప్పే ఉదాహరణ ఇదే. కానీ చూడండి, ఆ విమానం అప్పుడు ఎగరనేలేదు!

2020 సెప్టెంబరు చివర దుబాయ్ నుంచి న్యూజిలాండ్ వెళ్లిన విమానం ఇంకో ఉదాహరణ. 18 గంటల ప్రయాణం. తర్వాత క్వారంటైన్‌లో పరీక్షలు చేసి, వైరస్ జన్యుక్రమాలు పోల్చి చూస్తే, కోవిడ్ రోగి సీటుకు రెండు వరుసల లోపు కూర్చున్న నలుగురికి దారిలోనే సోకిందని తేలింది. మధ్యలో కౌలాలంపూర్‌లో ఇంధనం కోసం ఆగినప్పుడు తోకలో ఉండే చిన్న సహాయక ఇంజన్‌ను, ఏపీయూ అంటారు దాన్ని, సుమారు అరగంట ఆపేశారు. అది ఆగితే క్యాబిన్‌కు గాలి ఆగినట్టే. అందరికీ ఆ అరగంటలోనే సోకిందని ఎవరూ చెప్పలేరు. అయినా పరిశోధకులు ఆ అరగంటను ప్రత్యేకంగా రాసిపెట్టారు.

కాబట్టి విమానయాన రంగంలో ఉన్నవాళ్లు ఇక్కడెవరైనా ఉంటే, మీకు ఒకే మాట. ప్రయాణికులు ఎక్కుతున్నప్పుడూ దిగుతున్నప్పుడూ ఏపీయూ అయినా నడపండి, లేదంటే నేల మీది గాలి గొట్టమైనా తగిలించండి. ఇంధనం ఆదా అని రెండూ ఆపి జనాన్ని లోపల కూర్చోబెట్టొద్దు. ఆలస్యం అరగంట దాటేలా ఉండి గాలి లేకపోతే దింపెయ్యండి. ప్రయాణికులకేమో, గాలి రావడం లేదనిపిస్తే సిబ్బందిని అడగండి. అడిగితే తప్పేం లేదు. మాస్కు తియ్యకూడని సమయం కూడా ఖచ్చితంగా అదే.

ఇప్పుడు దూరం సంగతికి వద్దాం. రోగికి ముందు రెండు వరుసలు, వెనక రెండు వరుసలు, ఈ లెక్క మీరు విని ఉంటారు. ఇది క్షయ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన మార్గదర్శకం నుంచి వచ్చింది. నేల మీద ఆగిన సమయంతో కలిపి 8 గంటలు దాటిన ప్రయాణాలకు అది వర్తిస్తుంది. తర్వాత దాన్నే అన్ని జబ్బులకూ వాడేస్తున్నారు. పనికొస్తుందా? చాలావరకు వస్తుంది. అన్నిసార్లూ రాదు.

2003 మార్చి 15. హాంగ్‌కాంగ్ నుంచి బీజింగ్‌కు 3 గంటల ప్రయాణం. సార్స్ అనే ఊపిరితిత్తుల అంటురోగం లక్షణాలున్న ఒక ప్రయాణికుడు. విమానంలో మొత్తం 120 మంది, తర్వాత 22 మందికి సార్స్ వచ్చింది. ఆయన ముందున్న మూడు వరుసల్లో పరిశోధకులకు వివరాలు దొరికిన 23 మందిలో 8 మందికి సోకింది. మిగతా సీట్లలోని 88 మందిలో 10 మందికి సోకింది. దగ్గరగా ఉన్నవాళ్లకు ప్రమాదం దాదాపు మూడు రెట్లు, నిజమే. కానీ ఆ పదిమందిలో రెండు వరుసల గీతకు బయట ఉన్నవాళ్లూ ఉన్నారు! అదే పరిశోధనలో ఇంకో విమానంలో నలుగురు సార్స్ రోగులు ప్రయాణించారు, మహా అయితే ఒక్కరికి సోకింది. ఒకే జబ్బు, ఒకే రకం క్యాబిన్ గాలి, ఇంత తేడా. ఎందుకు? రోగి జబ్బులో ఏ దశలో ఉన్నాడు, ఎంత వైరస్ వదులుతున్నాడు అన్నదాన్నిబట్టే చాలావరకు తేలిపోతుంది. దాన్ని సీటు నంబరు చూసి చెప్పలేం.

2020 మార్చిలో లండన్ నుంచి హనోయ్‌కి వెళ్లిన విమానంలో, మాస్కులు తప్పనిసరి కాని రోజుల్లో, బిజినెస్ క్లాసులో దగ్గుతున్న ఒకే ఒక్కరి నుంచి అదే క్లాసులోని 12 మందికి కోవిడ్ సోకిందని అంచనా. ఎక్కువ డబ్బు పెట్టి కొన్న దూరం దూరం సీట్లు. ప్రయాణం పది గంటల పైనే. అన్ని గంటల పాటు ఒకే అరలో ఉన్నప్పుడు సీట్ల మధ్య ఖాళీ ఒక్కటే కాపాడదు.

ఇంకొక దారి ఉంది, గాలితో సంబంధం లేనిది. వాంతి. మొహాలు అలా పెట్టకండి, ఇది చెప్పాల్సిందే. వాంతులూ విరేచనాలూ తెప్పించే నోరోవైరస్ చాలా కొద్ది కణాలతోనే సోకుతుంది, ఉపరితలాల మీద రోజుల తరబడి బతుకుతుంది. 2009 అక్టోబరులో ఒక విమానంలో ప్రయాణికుడు వాంతి చేసుకున్నాడు. తర్వాతి రోజుల్లో అదే విమానంలో పనిచేసిన సిబ్బంది ఒకరి తర్వాత ఒకరు జబ్బు పడ్డారు. ప్రయాణికుడు దిగిపోయాడు, విమానం మాత్రం మిగిలిపోయింది. ఇక్కడ రెండు చిక్కులు. ఆల్కహాల్ శానిటైజర్ నోరోవైరస్ మీద సరిగా పనిచెయ్యదు, సబ్బూ నీళ్లతో 20 సెకన్లు కడగాలి. ఇక నేలకు వాడే బ్లీచింగ్ దాన్ని బాగా చంపుతుంది కానీ విమానం అల్యూమినియాన్ని తినేస్తుంది, కాబట్టి తయారీదారు ఒప్పుకున్న మందే వాడాలి. ఇందుకోసమే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఒక కిట్ సూచించింది. అందులో ద్రవాన్ని జెల్లీగా గడ్డకట్టించే పొడి, చేతితొడుగులు, ముఖానికీ కళ్లకూ కవచం, ఏప్రాన్, గీకే పలకతో చిన్న పార, క్రిమిసంహారకం, గట్టి సంచి ఉంటాయి. క్రమం ముఖ్యం. ముందు చుట్టూ ఉన్నవాళ్లను లేపి వేరే చోట కూర్చోబెట్టాలి, తర్వాత కవచాలు వేసుకోవాలి, పొడి చల్లి గడ్డకట్టేదాకా ఆగి ఎత్తి సంచిలో వెయ్యాలి, ఆ తర్వాతే క్రిమిసంహారకం. చాలాచోట్ల జరిగేదేంటి? కాగితం తువ్వాలుతో గబగబా తుడిచేస్తారు. దాంతో మరక చుట్టూ పాకుతుంది, తుంపర లేస్తుంది.

గాల్లో ఉండగా ఎవరికైనా బాగా జబ్బు చేస్తే సిబ్బంది చూసే కొలత ఇది. 38 డిగ్రీలు, అంతకు మించిన జ్వరం, దాంతో పాటు ఆగని దగ్గు, ఊపిరాడకపోవడం, ఆగని వాంతులు లేదా విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు, దెబ్బ తగలకుండానే రక్తం రావడం, కొత్తగా మతి తప్పినట్టు మాట్లాడటం, వీటిలో ఏదైనా. అలా ఉంటే ఆ వ్యక్తికి మాస్కు పెట్టి, వీలైతే పక్కవాళ్లను దూరంగా కూర్చోబెట్టి, చూసుకోవడానికి ఒకే ఒక సిబ్బందిని, వాడుకోవడానికి ఒకే ఒక మరుగుదొడ్డిని కేటాయిస్తారు. కెప్టెన్ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ద్వారా దిగబోయే విమానాశ్రయానికి ముందే చెప్పాలి. ఇది ఐచ్ఛికం కాదు, 2007 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం తప్పనిసరి.

సరే, క్యాబిన్ అయిపోయింది. అసలు భయం ఇక్కడుండాలి: విమానం దిగి నడిచి వెళ్లిపోయే మనిషి. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? మళ్లీ చెప్తాను. విమానం లోపల సోకే జబ్బు కన్నా విమానం మోసుకెళ్లే జబ్బు చాలా పెద్దది.

ఓడల కాలంలో ఏం జరిగేది? మశూచి సోకాక బయటపడటానికి 7 నుంచి 19 రోజులు పట్టేది. ఓడ సముద్రంలో ఉండగానే జబ్బు బయటపడేది, రేవుకు చేరేసరికి ఓడలో రోగం ఉందో లేదో తెలిసిపోయేది. ప్రయాణమే పరీక్షలా పనిచేసేది. ఇప్పుడు? ఫ్లూ పొదిగే కాలం 1 నుంచి 4 రోజులు, సార్స్‌కు 2 నుంచి 10, ఎబోలాకు 2 నుంచి 21. ప్రపంచంలో అత్యంత పొడవైన విమాన ప్రయాణం ఒక్క రోజు కూడా ఉండదు. మనిషి సోకిన రోజే ఎక్కి, ఒంట్లో ఏమీ తెలియకుండానే ఇంకో ఖండంలో దిగుతాడు.

ఈ ఒక్క లెక్క అర్థమైతే విమానాశ్రయంలో నుదుటికి చూపించే థర్మల్ స్కానర్ సంగతీ అర్థమైపోతుంది. అది కొలిచేది చర్మం వేడిని. పొదిగే దశలో ఉన్నవాడికి వేడి ఉండదు. జ్వరం ఉన్నవాడు ఎక్కేముందు పారాసెటమాల్ వేసుకుంటే అదీ ఉండదు. గుడ్డిగా అంటున్న మాట కాదిది. 2003లో కెనడా విమానాశ్రయాల్లో సార్స్ కోసం సుమారు 65 లక్షల తనిఖీలు చేశారు. 9,100 మందిని పక్కకు పంపి నర్సులు మళ్లీ చూశారు. దొరికిన సార్స్ కేసులు ఎన్ని? ఒక్కటీ లేదు. అయినా ప్రతి కొత్త జబ్బుకూ స్కానర్లే ముందు వస్తాయి, ఎందుకంటే అవి కంటికి కనబడతాయి. అదే డబ్బు బయల్దేరే చోట జబ్బున్నవాళ్లను ఎక్కనివ్వకుండా చూడటానికీ, దిగినవాళ్లకు జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పే కాగితానికీ పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

మరి విమానాలే ఆపేస్తే? 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు మెక్సికోకు విమాన ప్రయాణాలు వాటంతట అవే సుమారు 40 శాతం తగ్గాయి. దానివల్ల వ్యాప్తి ఎంత ఆలస్యమైందో తర్వాత లెక్కగడితే, సగటున 3 రోజుల లోపే. 2021 నవంబరులో ఒమిక్రాన్ అనే కొత్త రకం కోవిడ్ వైరస్ గురించి దక్షిణాఫ్రికా ప్రపంచానికి చెప్పగానే ఆ ప్రాంతం నుంచి విమానాలు ఆపేశారు. తర్వాత నెదర్లాండ్స్‌లో పాత నమూనాలు తీసి చూస్తే నవంబరు 19 నాటి నమూనాలోనే ఒమిక్రాన్ ఉంది. తలుపు వేసేలోపే లోపలికి వచ్చేసింది. నష్టపోయింది ఎవరు? నిజం చెప్పిన దేశం. 1994లో సూరత్ ప్లేగు వార్తకే కొన్ని దేశాలు భారత్‌కు విమానాలు ఆపాయి. ప్లేగు మాత్రం విమానమెక్కి ఏ దేశానికీ వెళ్లలేదు. సరిహద్దును పూర్తిగా, చాలా ముందుగా మూసి, వచ్చిన ప్రతివారినీ క్వారంటైన్‌లో పెట్టగలిగిన చిన్న ద్వీప దేశాలకు లాభం కలిగింది, అది ఒప్పుకోవాలి. సగం సగం నిషేధాలతో దొరికేవి కొన్ని రోజులు. ఆ రోజుల్లో ఆసుపత్రులు సిద్ధం చేసుకుంటేనే వాటికి విలువ.

ఎలా సిద్ధం చేసుకోవాలో నైజీరియా చూపించింది. 2014 జూలై 20న ఎబోలా రోగి ఒకరు విమానంలో లాగోస్ చేరారు, అప్పటికే వాంతులు. కోటి మందికి పైగా ఉన్న నగరం అది. తోటి ప్రయాణికుల్లో ఎవరికీ సోకలేదు. ఎందుకంటే ఎబోలా గాలిలో తేలి రాదు, రోగి రక్తం, వాంతి, విరేచనాలు తాకితే వస్తుంది. సోకింది దిగాక సాయం పట్టినవాళ్లకూ ఆసుపత్రి సిబ్బందికీ, వాళ్లకు దగ్గరగా మెలిగినవాళ్లకూ. ఆరోగ్య సిబ్బంది 894 మందిని వెతికి పట్టుకుని, ఇళ్లకు వెళ్లి సుమారు 18,500 సార్లు జ్వరం చూశారు. మొత్తం 20 కేసులు, 8 మరణాలు, అక్టోబరు 20కి దేశం ఎబోలా నుంచి బయటపడింది. చేసింది మనుషులు, తలుపులు తట్టి.

తట్టు, అదే మీజిల్స్, దాని గురించి చెప్పకుండా ముగించలేను. కొత్త జబ్బుల పేర్లు విని వణుకుతాం, దీన్ని పట్టించుకోం. రోగి వెళ్లిపోయాక కూడా గదిలో 2 గంటల దాకా సోకగలదు, గేటు దగ్గర, బస్సులో, లగేజీ బెల్టు దగ్గర ఎక్కడైనా. టీకా రెండు డోసులు పడినవాళ్లకు దాదాపు భయం లేదు. పడనివాళ్లు తట్టు రోగితో కలిసి ప్రయాణించామని తెలిస్తే 72 గంటల్లోపు టీకా వేయించుకుంటే ఉపయోగం ఉంటుంది. పసిపిల్లలకూ గర్భిణులకూ 6 రోజుల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు, ఇస్తారు. ఇక్కడే అసలు చిక్కు: ఆరోగ్య శాఖ ఫోన్ చేసేసరికి ఆ 72 గంటలు అయిపోతాయి, ఎందుకంటే టికెట్టులో ఉన్నది మీ నంబరు కాదు, బుక్ చేసిన ఏజెంటు నంబరు. కాబట్టి బుకింగులో మీ సొంత నంబరు పెట్టండి. సీటు మారి కూర్చుంటే ఆ సీటు గుర్తుంచుకోండి. బోర్డింగ్ పాస్ మూడు వారాలు దాచండి.

జబ్బుగా ఉన్నప్పుడు ప్రయాణం వాయిదా వెయ్యండి. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి పెచ్చులు కట్టేదాకా. ఊపిరితిత్తుల క్షయ అయితే కనీసం 2 వారాలు సరైన మందులు పడి, డాక్టరు సరే అన్నాక. మందులకు లొంగని క్షయ అయితే కల్చర్ పరీక్షలో, అంటే కఫంలోని క్రిమిని పెంచి చూసే పరీక్షలో, క్రిమి లేదని తేలాక. తిరిగొచ్చాక మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరు అడిగేదాకా ఆగకుండా ఏ దేశం వెళ్లారో, ఏ తేదీన వచ్చారో మీరే ముందు చెప్పండి. డాక్టర్లూ, మీరు కూడా అడగండి, ఒక్క ప్రశ్నే కదా.

ఒకరు చీటీ పంపారు: "ఎన్95 పెట్టుకుంటే తినేటప్పుడు తియ్యాలి కదా, ఇక లాభమేంటి?" మంచి ప్రశ్న. భోజనం బండి వచ్చినప్పుడు అందరూ ఒకేసారి మాస్కులు తీస్తారు, ఆ పావుగంటే కాస్త జాగ్రత్త. మీ పళ్లెం ముందు పెట్టుకుని కాసేపు ఆగండి. పక్కవాళ్లు తిని మాస్కు పెట్టుకున్నాక మీరు తినండి. ముక్కు దగ్గరి తీగ నొక్కి, గట్టిగా ఊపిరి వదిలి, అంచుల్లోంచి గాలి పోవట్లేదని చూసుకుని మళ్లీ పెట్టుకోండి. మిగతా పది గంటలూ అది పనిచేస్తూనే ఉంటుంది.